తెలుగు అక్షరాలు కోయడానికి ఏ స్క్రోల్ సా కొనాలి?

ప్రశ్న: మాది అనంతపురం. మా ఆయనది చిన్న వడ్రంగి షాపు. తలుపులు, కిటికీలు, మంచాలు చేస్తారు. నేను బొమ్మలు బాగా గీస్తాను. ఇంటి పేరు బోర్డులు, పిల్లలకు చెక్క అక్షరాలు, పూజ మందిరాలకు జాలీలు చేసి అమ్మాలని ఉంది. స్క్రోల్ సా (సన్న బ్లేడు పైకీ కిందికీ ఆడుతూ వంపులు కోసే బల్ల మిషన్) కొందామంటే మా ఆయన "జిగ్ సా ఉంది కదా, మళ్ళీ ఇదెందుకు" అంటున్నారు. ఆన్‌లైన్‌లో 9 వేలకు ఒకటి, 22 వేలకు ఒకటి చూశాను. రెండూ 16 అంగుళాలవే, రెండింటి మోటారూ 120 వాట్లే. అయినా ధరలో అంత తేడా ఎందుకు? అమెరికాలో ఉన్న మా మరిది తను వాడిన డీవాల్ట్ కంపెనీ స్క్రోల్ సా, డీడబ్ల్యూ 788, తెచ్చిస్తానంటున్నాడు. కంప్యూటరుతో నడిచే సీఎన్‌సీ కోత మిషన్ల షాపులున్న ఈ రోజుల్లో అసలు ఇది కొనడం దండగ అనేవాళ్ళూ ఉన్నారు. ఇంకో మాట, తెలిసినవాళ్ళు ఎర్రచందనం ముక్కలు తక్కువ ధరకు ఇప్పిస్తామంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు:

అమ్మా, ముందు మీ ఆయనకు జవాబు చెప్తాను. ఆయన అడిగిన దాంట్లో తప్పేం లేదు. షాపులో ఒక మిషన్ ఉండగా ఇంకోటి కొనేముందు ఎవరైనా అడగాల్సిన మాటే. కానీ ఈ రెండూ ఒకే పనికి పనికొచ్చేవి కావు. చేత్తో పట్టుకుని నడిపే జిగ్ సాలో బ్లేడు పై కొస మాత్రమే మిషన్‌లో బిగుసుకుని ఉంటుంది, కింది కొసకు పట్టు ఉండదు. వంపులకని అమ్మే సన్న బ్లేడు కూడా నాలుగైదు మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. మలుపు కాస్త గట్టిగా తిప్పారంటే, పైన గీత మీదే పోయినట్టు కనబడిన కోత అడుగున పక్కకు వాలిపోతుంది. స్క్రోల్ సాలో బ్లేడును పైనా కిందా రెండు చోట్లా బిగిస్తాం. మామూలు పనికి వాడే 5వ నంబరు బ్లేడు వెడల్పు దాదాపు 1 మిల్లీమీటరు, మందం అర మిల్లీమీటరు కూడా ఉండదు. అందుకే బ్లేడు ఉన్నచోటే చెక్కను తిప్పేసి మళ్ళీ వెనక్కి రావచ్చు.

మీరు కోయబోయేది తెలుగు అక్షరాలు. మన లిపిలో నిలువు గీత, అడ్డ గీత వెతికినా దొరకడం కష్టం, అంతా వంపులే. పైగా లోపల ఖాళీలు. సున్నలో ఒకటి, "ర"లో ఒకటి, "ని" మీద గుడిలో ఒకటి. ఆ ఖాళీ కోయాలంటే చెక్క అంచు నుంచి లోపలికి దారి లేదు. ముందు అక్కడ చిన్న బెజ్జం వేసి, బ్లేడును ఒక కొస విప్పి, ఆ బెజ్జంలో దూర్చి, మళ్ళీ బిగించి, లోపలి ముక్క కోసేసి, మళ్ళీ విప్పి బయటికి తీయాలి. ఒక్క ఇంటి పేరు బోర్డులో ఈ పని ఎన్ని మాట్లు చేయాల్సి వస్తుందో ఒకసారి కాగితం మీద రాసి లెక్కపెట్టండి. మందిరం జాలీ అయితే చెప్పనే అక్కర్లేదు, అది మొత్తం బెజ్జాల పనే.

ధరలో తేడా కూడా ఇక్కడే ఉంది. మోటారులో కాదు. సన్న బ్లేడు ఆడించడానికి 90 వాట్లయినా సరిపోతాయి, కాబట్టి వాట్లు చూసి మిషన్ కొనకండి. బ్లేడును పట్టుకునే క్లాంపు ఎట్లాంటిది, దాన్ని ఎంత తొందరగా విప్పి బిగించొచ్చు, నడిచేటప్పుడు మిషన్ ఎంత అదురుతుంది, చూడాల్సినవి ఈ మూడు.

బ్లేడ్లలో రెండు రకాలున్నాయి. రెండు కొసల్లోనూ చిన్న అడ్డ పుల్ల ఉండేది పిన్ బ్లేడు. ఏమీ లేకుండా సాదాగా ఉండేది ప్లెయిన్ బ్లేడు. రెండూ 5 అంగుళాల పొడవే. పిన్ బ్లేడు తగిలించడం చాలా తేలిక, కొక్కేనికి వేసినట్టు వేసేయొచ్చు. కొత్తవాళ్ళు దానికే మొగ్గుతారు. కానీ ఆ పిన్ను దూరాలంటే బెజ్జం దాదాపు 5 మిల్లీమీటర్లు ఉండాలి. రెండంగుళాల ఎత్తు అక్షరంలో సున్న లోపలి ఖాళీ ఎంత ఉంటుంది? అందులో 5 మిల్లీమీటర్ల బెజ్జం వేశాక మీరు కోయడానికి మిగిలేదేమీ ఉండదు. ప్లెయిన్ బ్లేడుకు ఒకటిన్నర మిల్లీమీటర్ల బెజ్జం చాలు. ఇంకో సంగతి, సన్న నంబర్లన్నీ ప్లెయిన్ బ్లేడ్లలోనే దొరుకుతాయి. పిన్ బ్లేడ్లు మొరటుగా ఉంటాయి.

మీరు చూసిన 9 వేల మిషన్ పిన్ బ్లేడ్లకు మాత్రమే అయితే దాన్ని అక్కడే వదిలేయండి. డబ్బు మిగిలిందనుకుంటారు గానీ మీ పనికి అది పనికిరాదు. 22 వేలది రెండు రకాలూ పట్టేదైతే మీకు సరిపోతుంది. వివరాల్లో "పిన్, పిన్‌లెస్ రెండూ" అని రాసి ఉందో లేదో చూడండి, పిన్‌లెస్ అంటే ప్లెయినే. కొన్ని మిషన్లకు ప్లెయిన్ బ్లేడు పట్టే ముక్కలు విడిగా ఇస్తారు, వాటికి ప్రతిసారీ అలెన్ కీతో బిగించాలి. పని నడుస్తుంది గానీ ఒక్కో బెజ్జం దగ్గరా రెండు మూడు నిమిషాలు పోతాయి. చేత్తో తిప్పే మర ఉన్న క్లాంపు అయితే అదే పని అర నిమిషంలో అయిపోతుంది. జాలీ పని చేసేవాళ్ళకు ఈ తేడా సాయంత్రానికి బాగా తెలిసొస్తుంది. బిగుతు ఇచ్చే లివరు ముందు వైపే, చేతికి అందేట్టు ఉంటే ఇంకా మేలు. బ్లేడు విప్పాక పై చెయ్యి తనంతట తాను పైకి లేచి నిలబడే మిషన్లుంటాయి, అట్లాంటిది దొరికితే వదలొద్దు. అప్పుడు పలకను పైనుంచి బ్లేడులోకి దించేయొచ్చు, అడుగున తడుముకోవాల్సిన పని ఉండదు.

16 అంగుళాలంటే బ్లేడు నుంచి వెనక చట్రం దాకా ఉన్న ఖాళీ. అంటే 32 అంగుళాల పలక మధ్యకు కూడా చేరుకోవచ్చు, తిప్పడానికి చోటుంటే. ఇంటి పేరు బోర్డులకు ఇది ఎక్కువే. 20, 21 అంగుళాలవి పెద్ద మందిరాల వెనక పలకలు ఒకే ముక్కలో కోసేవాళ్ళకు కావాలి. మీరు ఆ స్థాయికి వచ్చినప్పుడు చూసుకోవచ్చు.

ఇక అదురు. వీలైతే మిషన్‌ను కొట్లో ఆన్ చేయించి చూడండి. మీరు ఆన్‌లైన్‌లో కొంటే ఇంటికి రాగానే, వెనక్కి పంపే గడువు దాటకముందే చూడండి. గట్టి బల్ల మీద బోల్టులతో బిగించి, దాని టేబుల్ మీద ఒక 5 రూపాయల బిళ్ళను అంచు మీద నిలబెట్టి ఆన్ చేయండి. వేగం మెల్లగా పెంచుకుంటూ పోండి. మంచి మిషన్ మీద బిళ్ళ చాలాసేపు నిలబడుతుంది. ఏదో ఒక వేగం దగ్గర పడిపోతే భయపడాల్సిన పనిలేదు, చాలా మిషన్లకు అట్లాంటి ఒక్క చోటు ఉంటుంది. మొదట్లోనే పడిపోతే మాత్రం ఒకసారి బోల్టులు సరిచూసి, అప్పటికీ అంతే అయితే వెనక్కి పంపేయండి. అదిరే మిషన్ మీద గీత మీద చూపు నిలవదు, గంటసేపు పనిచేసేసరికి చేతులు తిమ్మిరెక్కుతాయి. ఇనుప పోత టేబుల్, బరువైన అడుగు ఉన్న మిషన్ అదురు తక్కువ. ఈ ఒక్క విషయంలో బరువెక్కువుంటే మంచిదే.

ఇంకో పరీక్ష, ప్లగ్గు తీసేసి చేయండి. పై చేతిని రెండు వేళ్ళతో పట్టుకుని కుడికీ ఎడమకూ కదపండి. లొటలొటలాడితే బేరింగులో లూజు ఉన్నట్టు. బ్లేడు పక్కన మూలమట్టం పెట్టి, మోటారును చేత్తో మెల్లగా తిప్పుతూ బ్లేడు పైకీ కిందికీ పోయేటప్పుడు చూడండి. పక్కకు వాలకూడదు. ముందుకూ వెనక్కూ కొద్దిగా ఊగడం అన్నింటిలోనూ ఉంటుంది. ఆ ఊపు ఎక్కువైతే మాత్రం మొన తేలిన మూలలు కోసేటప్పుడు బ్లేడు వెనక వైపు కూడా చెక్కను కొరికేస్తుంది. పై చెయ్యీ కింది చెయ్యీ ఒకదానికొకటి సమాంతరంగా ఆడే మిషన్లలో బ్లేడు దాదాపు నిటారుగా నడుస్తుంది. పెద్ద సీ ఆకారంలో ఒకే ముక్కగా ఉండే చెయ్యి అయితే బ్లేడు వంపుగా ఊగుతుంది. దాంతో కోత తొందరగా సాగుతుంది, సన్న పని మాత్రం చెడుతుంది. మీకు మొదటి రకమే కావాలి.

వేగం మార్చుకునే వీలు తప్పనిసరిగా ఉండాలి. నిమిషానికి 400 నుంచి 1600 దెబ్బల దాకా మార్చుకునే మిషన్లు ఇప్పుడు మామూలైపోయాయి. టేకు, పలచని ప్లైవుడ్, ఇత్తడి రేకు, యాక్రిలిక్ ఒక్కోదానికి ఒక్కో వేగం నప్పుతుంది. యాక్రిలిక్‌ను జోరుగా కోస్తే వేడికి కరిగి బ్లేడు వెనకే మళ్ళీ అతుక్కుపోతుంది.

మీ మరిది సంగతి. డీడబ్ల్యూ 788 చాలా మంచి మిషన్, అందులో అనుమానం లేదు. 20 అంగుళాలది, అదురు బాగా తక్కువ, మీటలన్నీ ముందు వైపే ఉంటాయి, ప్లెయిన్ బ్లేడ్లే పడతాయి. కానీ అమెరికాలో వాడినది 120 వోల్టులది. మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెట్టారో, మొదటి రోజే కాలిపోతుంది. అది 1.3 ఆంపియర్లే తీసుకుంటుంది కాబట్టి వోల్టేజీ తగ్గించే 500 వీఏ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకుంటే ధారాళంగా సరిపోతుంది, అది పెద్ద ఖర్చేం కాదు. కష్టమంతా దాని బరువుతోనే. 25 కిలోలకు పైనే ఉంటుంది, విమానంలో ఒక పెట్టెకు సాధారణంగా ఇచ్చేదే 23 కిలోలు. విప్పి రెండు పెట్టెల్లో తెచ్చినా, ఏ చిన్న భాగం పోయినా మళ్ళీ అక్కడి నుంచే రావాలి. మీ మరిది సామానంతా సర్దుకుని ఓడలో వేసి ఇంటికి తిరిగొచ్చేస్తుంటే సంతోషంగా తీసుకోండి. పండక్కి వచ్చిపోయేటప్పుడు మోసుకొస్తానంటే మాత్రం వద్దనండి. దాని బదులు బ్లేడ్లు తెమ్మనండి! 144 బ్లేడ్ల కట్ట చొక్కా జేబులో పట్టేంత ఉంటుంది. చెక్కను అడుగు వైపు నుంచి కూడా కోసే రివర్స్ టూత్ బ్లేడ్లు 3, 5, 7 నంబర్లలో తెమ్మని చెప్పండి. వాటితో కోస్తే ప్లైవుడ్ అడుగున పీచు లేవదు, గరుకు కాగితం పని సగానికి సగం తగ్గుతుంది.

బ్లేడ్ల గురించి మొదటే ఆలోచించమనేది ఇందుకే. మిషన్ ఒకసారి కొంటారు, బ్లేడ్లు ఎప్పుడూ కొంటూనే ఉండాలి. టేకులో ఇసుక లాంటి పదార్థం సహజంగానే ఉంటుంది, ప్లైవుడ్‌లో జిగురు ఉంటుంది, రెండూ పళ్ళను తొందరగా అరగదీస్తాయి. చెక్కను నెట్టాల్సి వస్తోందంటే, కోత అంచు నల్లబడుతోందంటే బ్లేడు అయిపోయినట్టే, మొహమాటం లేకుండా మార్చేయండి. మొండి బ్లేడుతో నెట్టడం వల్లే కోత వంకర పోతుంది, వేళ్ళు కూడా అప్పుడే బ్లేడు మీదికి జారుతాయి. ప్రొద్దుటూరులాంటి బంగారం పనుల ఊళ్ళలో కంసాలి సామాన్ల కొట్లలో సన్న రంపం బ్లేడ్లు దొరుకుతాయి, ఇంచుమించు అదే పొడవు, ప్లెయిన్ కొసలే, మీ మిషన్‌కు పడతాయి కూడా. అవి లోహానికి చేసినవి. బోర్డు మీద పొదగడానికి ఇత్తడి రేకు కోయాలంటే వాడుకోండి. చెక్కకు వాడితే పళ్ళ మధ్య పొట్టు నిండిపోయి కాలుతుంది.

బిగుతు ఎంత ఉండాలని చాలామంది అడుగుతారు. బ్లేడును వేలితో మీటితే తంబూరా తీగలా ఖంగుమనాలి. చెక్క ముక్కతో పక్కకు నొక్కితే మూడు మిల్లీమీటర్ల కంటే ఎక్కువ వంగకూడదు. ఇంకొకటి, చాలా బ్లేడ్లకు తయారీలోనే ఒక వైపు సన్నని గరుకు మిగిలిపోతుంది. అందువల్ల చెక్కను సూటిగా నెట్టినా కోత ఒక పక్కకు లాగుతుంది. అది మీ చేతి తప్పూ కాదు, మిషన్ తప్పూ కాదు. పలకను కొంచెం ఏటవాలుగా పట్టుకుని నెడితే గీత మీదే పోతుంది. రెండు రోజులు పనికిరాని ముక్కల మీద కోస్తే చేతికి అలవాటైపోతుంది.

సీఎన్‌సీ గురించి అన్నవాళ్ళ మాటలో కొంత నిజముంది. ఒకే డిజైన్ 50 బోర్డులు కావాలంటే సీఎన్‌సీ షాపుకే ఇవ్వండి, దాంతో పోటీ పడొద్దు. కానీ దాని బిట్టు గుండ్రంగా తిరిగేది. 3 మిల్లీమీటర్ల బిట్టు పెడితే లోపలి మూల ప్రతిదీ గుండ్రంగానే మిగులుతుంది. తలకట్టు వచ్చి అక్షరం ఒంటిని కలిసే చోట, దీర్ఘం మలుపు దగ్గర ఉండాల్సిన పదును అందులో రాదు. లేజరుతో కోస్తే అంచులు మాడి నల్లగా వస్తాయి. పైగా ఆ షాపుల్లో నాలుగైదు ఫాంట్లే తిరుగుతుంటాయి, ఊళ్ళో బోర్డులన్నీ ఒకే చేతివ్రాతలో ఉన్నట్టు కనిపిస్తాయి. మీకు గీత గీయడం వచ్చు. ఎవరింటికి వాళ్ళ అక్షరం మీరు గీసి ఇవ్వగలరు. ఆ ఒక్క కారణంతోనే మీరు ఈ మిషన్ కొనాలని నేను గట్టిగా చెప్తున్నాను. లేపాక్షి ఎంతో దూరం లేదు కదా, ఒక రోజు కాగితం, పెన్సిలు పట్టుకుని వెళ్ళి లతా మంటపం స్తంభాల మీది నగిషీలు గీసుకు రండి. ఒక్కో స్తంభం మీద ఒక్కో తీరు ఉంటుంది, మందిరం జాలీలకు అంతకంటే మంచి నమూనాలు ఏ ఫోన్‌లోనూ దొరకవు.

అక్షరాలు గీసేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. కాగితం మీద బాగున్నది చెక్కలో నిలబడదు. "ప", "ష", "స", "హ" లాంటి వాటికి తలకట్టు ఒంటికి అంటకుండా విడిగా ఉంటుంది. అట్లాగే కోస్తే రెండు ముక్కలైపోతుంది. "ఠ" లోపలి చుక్క, "థ" లోపలి చుక్క పట్టుకునేదేమీ లేక రాలిపోతాయి. వత్తులు కూడా అంతే. పలక మీద అతికించే బోర్డయితే ఇబ్బంది లేదు, ముక్కలు విడిగా కోసి వాటి చోట్లలో అంటించొచ్చు. పిల్లల చేతికిచ్చే అక్షరమైతే తలకట్టును ఒంటికి నాలుగు మిల్లీమీటర్ల మందాన కలుపుతూ గీయాలి, చుక్కకు ఒక పక్కన సన్నని వారధి వదలాలి. ఆ వారధి చెక్క పోగు వెంట పొడుగ్గా ఉండాలి. పోగుకు అడ్డంగా వస్తే కింద పడేయగానే పుటుక్కున విరిగిపోతుంది. ప్లైవుడ్‌లో ఆ బాధ తక్కువ, అందుకే పిల్లల అక్షరాలకు టేకు కంటే మంచి ప్లైవుడ్డే మేలంటాను. మన అనంతపురం ఎండలకు పలచని టేకు పలకలు వంగిపోతాయి కూడా.

పిల్లల సెట్టులో 56 అక్షరాలూ చేయాలంటే ఒక్కోటి విడిగా కోస్తే గిట్టదు. 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్కలు మూడు ఒకదాని మీద ఒకటి పెట్టి, మధ్యలో రెండు వైపులా అంటుకునే టేపు వేసి, ఒకేసారి కోయండి. మూడు సెట్లు ఒక్క కోతలో వస్తాయి. గీసిన కాగితాన్ని అతికించాక దాని మీద పార్శిళ్ళకు వేసే మామూలు ప్లాస్టిక్ టేపు వేయండి. టేకు లాంటి గట్టి చెక్కలో అంచు మాడకుండా అది కాపాడుతుంది. మూడేళ్ళ లోపు పిల్లల కోసమైతే నోట్లో పట్టేంత చిన్న ముక్కలు వద్దు, రంగులు కూడా బొమ్మలకు పనికొచ్చేవేనని డబ్బా మీద చూసి కొనండి.

మీ 22 వేలకు తోడు కాలితో నొక్కే స్విచ్ ఒకటి విడిగా కొనుక్కోండి. రెండు చేతులూ చెక్క మీదే ఉంటాయి, మిషన్ ఆపడానికి చెయ్యి తీయక్కర్లేదు. షాపులో ఉన్న ఇన్వర్టరు మీద నడపాలనుకుంటే అది సైన్ వేవ్‌దో కాదో కనుక్కోండి. కాకపోతే వేగం మార్చే ఎలక్ట్రానిక్ ముక్క దెబ్బతినే ప్రమాదం ఉంది. రంపాల మిషన్లన్నింటిలోకీ ఇది నెమ్మదైనదే, అయినా పని చేసేటప్పుడు చున్నీ, చీర కొంగు బిగించి దోపుకోండి, జడ వెనక్కి ముడి వేసుకోండి, వదులు గాజులు తీసి పక్కన పెట్టండి. చెక్కను టేబుల్‌కు నొక్కిపట్టే చిన్న పాదం ఒకటి మిషన్‌తో వస్తుంది, చూపుకు అడ్డమని చాలామంది తీసేస్తారు. చెయ్యి కుదిరేదాకా మీరు తీయొద్దు. ముక్క ఎగిరి దబదబా కొట్టుకోవడం దాంతోనే ఆగుతుంది. ముక్కుకు మాస్కు తప్పనిసరి. ఈ మిషన్ పొట్టు పిండిలా సన్నగా ఉంటుంది, సరిగ్గా మీ ముఖం ముందే లేస్తుంది. ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో అదిమి చేసిన పలక) కోసేటప్పుడు మరీ జాగ్రత్త.

ఎర్రచందనం ముక్కలు మాత్రం ముట్టుకోవద్దు తల్లీ. శేషాచలం, పాలకొండలు, లంకమల అడవుల్లో పెరిగే ఆ చెట్టును నరకడం, తరలించడం, అనుమతి లేకుండా దగ్గర ఉంచుకోవడం అన్నీ నేరాలే. అటవీ శాఖ వేలం నుంచి వచ్చిందని కాగితాలు, రవాణా పర్మిట్ చూపించగలిగినవాళ్ళు మీకు తక్కువ ధరకు ముక్కలు అమ్మరు. తక్కువకు ఇస్తామంటున్నారంటేనే ఆ కాగితాలు లేవని అర్థం. రేపు అధికారులెవరైనా మీ షాపులో అడుగు పెడితే ఇచ్చినవాళ్ళు కనబడరు, జవాబు చెప్పాల్సింది మీ ఆయనే. ఎరుపు రంగు చెక్క కావాలనిపిస్తే టింబర్ డిపోలో పడాక్ అని అడగండి, బిల్లుతో ఇస్తారు, ఒక అంగుళం లోపు మందంలో 7వ నంబరు బ్లేడుతో శుభ్రంగా తెగుతుంది. మొదటి నెలంతా మీ ఆయన షాపులో మిగిలిపోయే టేకు ముక్కలు, ప్లైవుడ్ ముక్కలే మీకు చాలు.